డీజిల్ ఎవరిదో కాలికి తెలుసు

నేను ఒక ఎక్స్‌లేటరు పెడల్ని. కంపెనీ కాగితాల్లో నా పేరు ఇంకోలా రాసుంటుందట గానీ, ఆ పేరు సరిగ్గా పలికిన డ్రైవరు నాకు ఇంతవరకూ తగల్లేదు. బెత్తెడు పొడవు ఇనపరేకు, దానిమీద గీతలు గీతలుగా ఉన్న రబ్బరు తొడుగు, కింద ఒక స్ప్రింగు. నా ఆస్తి అంతా ఇదే. దసరా వస్తే స్టీరింగుకి పసుపూ కుంకుమా, అద్దానికి బంతిపూల దండ, టైర్ల కింద నిమ్మకాయలు. నాకు మాత్రం ఏడాది పొడుగునా చెప్పుకాళ్ళ మట్టే. అలాగని నాకేం ఉక్రోషం లేదు. బండి తాగే ప్రతి చుక్కకీ నేను తలూపాలి, ఆ సంగతి నాకు చాలు.

మనుషుల మొహాలు నాకంతగా తెలియవు. ఉన్న చోటినించి నాకు కనబడేది మోకాళ్ళు, లుంగీ అంచు, బాగా వంగితే గడ్డం అడుగుభాగం. మిగతాదంతా మాటల్నిబట్టీ చప్పుళ్ళనిబట్టీ పోల్చుకుంటాను. కానీ అరికాలు ఒక్కసారి నా మీద పడిందంటే మనిషి సంగతంతా చెప్పేస్తాను. ఇంట్లో తగువు పడి బయల్దేరాడా, ముందుపోయే బండిలో బావమరిది ఉన్నాడా, పక్క సీట్లో పిల్లనిచ్చిన మామగారు కూర్చున్నాడా, అన్నీ కాలే చెబుతుంది. నాలుక ఎన్ని అబద్ధాలైనా ఆడుతుంది గానీ కాలికి ఆ విద్య అబ్బలేదు.

నన్ను మొదట బిగించింది ఒక జీపుకి. అప్పుడు దానికి చిన్న పెట్రోలు ఇంజను ఉండేది. ఒక రోడ్ల కాంట్రాక్టరు కొన్నాడు. ఆయన డ్రైవరు జోగయ్య, మిలిటరీలో చేసి వచ్చిన మనిషి. పొద్దున్నే బండెక్కే ముందు వంగి నన్ను వేళ్ళతో తాకి కళ్ళకద్దుకునేవాడు. నాకు దండం పెట్టిన మొదటి మనిషి ఆయనే. ఆయన కాలు నా మీద ఉందో లేదో నాకే తెలిసేది కాదు, బండి మాత్రం సాఫీగా పోతూ ఉండేది. పెట్రోలు బంకువాళ్ళు ఆయన్ని పెద్దగా గుర్తుపట్టేవారు కాదంటే చూసుకోండి.

జోగయ్య ఊరెళ్ళిపోయాక కాంట్రాక్టరు జీపుని ఒక రైసుమిల్లువారి అబ్బాయికి అమ్మేశాడు. చిట్టిబాబు ఆయన పేరు. ఆ మహానుభావుడు వచ్చీ రాగానే చిన్న ఇంజను పీకించి, దాని చోట కొండంత డీజిల్ ఇంజను పెట్టించాడు. నేను దాన్ని పెద్దాయన అని పిలిచేదాన్ని. పెద్దాయనది మంచి మనసే, కొండరాయి కట్టినా లాగేస్తాడు. కానీ చిట్టిబాబుకి లాగించాల్సిన పని ఏముంది? పొద్దున్నొకసారి టీ తాగడానికీ, సాయంత్రం సినిమాహాలు ముందు నిలబడడానికీ బండి తీసేవాడు. పెళ్ళివంటకి తవ్విన గాడిపొయ్యి రాజేసి దానిమీద ఒక్క గ్లాసు టీ కాచుకున్నట్టు ఉండేది ఆ వ్యవహారం. అదీ చాలక హాలు ముందు బండి నిలబెట్టి, గేరు వెయ్యకుండా నన్ను అదేపనిగా తొక్కేవాడు. పెద్దాయన గర్జించేవాడు, జనం తిరిగి చూసేవారు. బండి అంగుళం కదిలేది కాదు, డీజిల్ మాత్రం కదిలిపోయేది. కొన్నాళ్ళకి చిట్టిబాబుకి కారు మీద మోజు పుట్టి, జీపుని సాలూరు పక్కన గుమ్మిడివలస గౌరునాయుడికి కట్టబెట్టాడు.

అసలు కథ అక్కడ మొదలవుతుంది.

గౌరునాయుడు సంతబండి తోలే మనిషి. సోమవారం సోమవారం కొండమీద పెద్ద సంత జరుగుతుంది. గుమ్మిడివలస ఆడవాళ్ళు ఉల్లిపాయలూ, ఉప్పూ, ఎండుచేపలూ, గాజులూ బుట్టలకెత్తి ఘాటు రోడ్డెక్కుతారు. వచ్చేటప్పుడు చింతపండూ, పసుపూ, కొండచీపుర్లూ తెచ్చుకుంటారు. మా వైపు సంతబళ్ళకి ఒక వాడుక ఉంది. బాడుగ బండివాడిది, డీజిల్ సంతవాళ్ళది. ఆడవాళ్ళు తలా కొంత వేసుకుని బంకులో పోయిస్తారు, నాయుడు తోలతాడు.

ఆ వాడుకలో ఉన్న తిరకాసు చూడండి. సోమవారం నాయుడి కాలు నా మీద రుబ్బురోలు పొత్రంలా పడేది. గేరు మార్చే తీరిక లేదు, ముందు మలుపుంటే చూసుకునేది లేదు. మలుపుదాకా నన్ను అణగదొక్కడం, మలుపులో పక్కనున్న బ్రేకమ్మ నెత్తిన తన్నడం. అదే మర్నాడు సొంతపని మీద వెళ్ళాలనుకోండి, డీజిల్ తనదే కదా, అదే కాలు దూదిపింజ అయిపోయేది. అదే మనిషి, అదే చెప్పు, అదే రోడ్డు. అలాగని నాయుడు దొంగ కాదు. తన బండిలోంచి ఎవడైనా డీజిల్ చుక్క తియ్యబోతే కొట్టడానికి వెళ్ళే మనిషి. కాకపోతే అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, పరాయి డీజిల్ అనేసరికి అరికాలికి బరువు తనంతట తనే వచ్చేసేది. ఆ సంగతి ఆయనకే తెలీదు. నాకు తెలుసు. ఇంకొకరికి కూడా తెలుసు.

ఆ ఇంకొకరు నాయుడి పెళ్ళాం నూకరత్నం. ఎండుచేపల వ్యాపారం ఆమెది. ముందు సీట్లో మొగుడి పక్కన, కాళ్ళ దగ్గర చేపలబుట్ట పెట్టుకుని కూర్చునేది. అందరూ రోడ్డు చూస్తుంటే ఆమె మాత్రం మొగుడి కాళ్ళు చూసేది. ఏ మలుపులో ఏ గేరు, ఎక్కడ నన్ను తొక్కాలి, ఎక్కడ వదిలెయ్యాలి, అన్నీ ఆమె మనసులో పడిపోయాయి.

పెళ్ళైన కొత్తలో నాయుడే ముచ్చటపడి కోతలైపోయిన మళ్ళల్లో ఆమెకి జీపు నేర్పాడు. మొదటిరోజు ఆమె చెప్పులు కింద విడిచి, నన్ను తాకి కళ్ళకద్దుకుని, అప్పుడు కాలు పెట్టింది. నాకు జోగయ్య గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి, కళ్ళుంటే. ఆ కాలు నాకు అప్పుడే నచ్చేసింది. తర్వాత పిల్ల పుట్టాక అది ఇంకా మెత్తబడింది. ఉయ్యాల తాడు బొటనవేలికి చుట్టుకుని, చేతులతో చేపలు ఏరుకుంటూ, బిడ్డకి నిద్ర చెదరకుండా గంటలకొద్దీ ఊపే కాలు అది. అలాంటి కాలికి నన్ను ఎంత నొక్కాలో ఒకరు చెప్పాలా?

మండలంలో ఆడవాళ్ళకి డ్రైవింగు నేర్పుతున్నారంటే వెళ్ళి రత్నం లైసెన్సు కూడా తెచ్చుకుంది. తెచ్చి దేవుడి పటం వెనక పెట్టింది. ఆ సాయంత్రమే అడిగింది.

"మావా, ఒక్క సంత నాకు ఒగ్గేయి. నాను తోలతాను."

"నా సీట్లో ఇంకోరేటే? సంతంతా నవ్వుతారు," అన్నాడు నాయుడు.

మళ్ళల్లో నేర్పినప్పుడు లేని నవ్వు సంతలో ఎక్కణ్ణించి వస్తుందో నాకు బోధపడలేదు. రత్నం ఏడవలేదు, అలగలేదు. ప్రతి దసరాకీ మళ్ళీ అడిగేది, నాయుడు మళ్ళీ కాదనేవాడు. ఆమెకి నగలు అక్కర్లేదు, పట్టుచీర అక్కర్లేదు. కొండదారిలో ఒక్కసారి ఆ సీట్లో కూర్చోవాలి, అంతే. ఏళ్ళు గడిచినా ఆ కోరిక మాత్రం చావలేదు.

ఇంతలో పక్కూరు తవిటయ్య కొత్త వ్యాను కొన్నాడు. చిన్న ఇంజను, తళతళలాడే బండి. "నా బండికి సగం డీజిల్ సాలు," అని సంతవాళ్ళ చెవిన వేశాడు. సంత ఆడవాళ్ళకి పెద్ద దిక్కు ఉల్లిపాయల గంగులమ్మ. అడ్డపొగ తాగే మనిషి, చుట్ట నిప్పు నోట్లో ఉండగానే మాట్లాడగలదు. ఒకరోజు బంకు దగ్గర బోనెట్టు మీద చెయ్యేసి నిలబడింది.

"నాయుడూ, నీ బండికి దాహం మరీ ఎక్కువైపోనాది. సంతలో వచ్చిందంతా దీనికే పోస్తన్నాం."

"పెద్ద ఇంజను పిన్నీ. పెద్ద ఇంజనంటే తాగదేటి?" అన్నాడు నాయుడు, అదేదో ఇంటి పరువైనట్టు.

"తవిటయ్య బండి తాగదంట."

"ఆ అగ్గిపెట్టా? అది కొండెక్కుద్దేటి?"

"ఎక్కుద్దో లేదో సూద్దాం," అని గంగులమ్మ అక్కడికక్కడే తేల్చేసింది. పై సోమవారం రెండు బళ్ళూ సాలూరు బంకు దగ్గర బయల్దేరాలి. రెంటికీ టాంకు గొట్టం ఊడదీసి, సీటు వెనక తెల్లటి డబ్బా కట్టి, అందులో సమంగా డీజిల్ పొయ్యాలి. మావైపు మెకానిక్కులు బండి ఎంత తాగుతోందో చూడాలంటే చేసే పని అదే, కళ్ళముందు కనబడుతుంది కాబట్టి ఎవరూ బొంకడానికి ఉండదు. బస్తాలు సమానం, మనుషులు సమానం. సంత చేరేసరికి ఎవరి డబ్బాలో ఎక్కువ మిగిలితే కొండ సంత బాడుగ వాళ్ళది.

నాయుడికి ఆ బాడుగే తిండి. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద దిగలేదు. రత్నం పక్కన కూర్చుని విసురుతూ అంది, "కాలు కాస్త తేలిక సెయ్యి మావా, సాలు." పెళ్ళాం మాట తలకెక్కించుకుంటే నాయుడు నాయుడెలా అవుతాడు? లారీవాళ్ళు టీకొట్లో చెప్పిన కిటుకొకటి ఆయనకి తెలుసు. కొండ దిగేటప్పుడు న్యూట్రల్ చేసి ఇంజను కట్టేస్తే, డీజిల్ చుక్క ఖర్చు కాదు, బండి దానంతటదే దిగిపోతుంది. ఆ దారిలో ఎక్కుళ్ళ మధ్య దిగుడ్లు చాలానే ఉన్నాయి. ఇదేదో ముందే చేసి చూద్దామని శనివారం పొద్దున్న ఒక్కడే జీపేసుకుని కొండెక్కాడు.

ఎక్కడం బాగానే ఎక్కాం. పైన బండి తిప్పి, దిగుడు మొదలవగానే తాళం తిప్పేశాడు. పెద్దాయన గురక ఆగిపోయింది. అంతా నిశ్శబ్దం, గాలి చప్పుడు తప్ప. ఇంజను ఆగాక నేను ఉత్త రేకుముక్కని. నాకు భయం వేసింది. గేరులో ఉంటే, నా మీంచి కాలు తీసేస్తే చాలు, పెద్దాయనే బండిని వెనక్కి పట్టుకుని దింపుతాడు, అలా దింపేటప్పుడు డీజిల్ కూడా పెద్దగా అడగడు. ఆ సంగతి లారీవాళ్ళు చెప్పలేదు, నాయుడు అడగలేదు. ఇప్పుడు బండి బరువంతా బ్రేకమ్మ ఒక్కదాని మీదే పడింది. రెండు మలుపులు కాచింది. మూడో మలుపుకి కాలిన వాసన వచ్చింది. నాలుగో మలుపులో నాయుడు రెండు కాళ్ళతో తొక్కినా బ్రేకమ్మ పలకలేదు.

నాయుడి తల్లి చేసుకున్న పుణ్యం, అక్కడ రోడ్డు పనివాళ్ళు ఇసక కుప్ప పోసి ఉన్నారు. బండి వెళ్ళి అందులో ముక్కు దూర్చింది. జీపుకి బంపరు వంగింది, అంతే. నాయుడి కుడికాలు మాత్రం బ్రేకమ్మకీ నాకూ మధ్య ఇరుక్కుని మెలిపడింది. ఆసుపత్రిలో మోకాలి దాకా పిండికట్టు వేశారు. ఎడంకాలు భేషుగ్గా ఉంది. పోయిపోయి నన్ను తొక్కే కాలే పోయింది.

ఆ మధ్యాహ్నం ఇంట్లో మంచం మీద నాయుడు, గుమ్మంలో గంగులమ్మ, గోడవారన రత్నం. ఇసకలోంచి లాగి తెచ్చిన జీపుని వాకిట్లోనే నిలబెట్టడంతో మాటలన్నీ నాకు వినబడ్డాయి.

"మా సిన్నాన్న కొడుకుని పిలిపిస్తాను. ఆడు తోలతాడు," అన్నాడు నాయుడు.

"ఆడెప్పుడైనా ఈ కొండెక్కినాడేటి?" అంది గంగులమ్మ.

రత్నం లోపలికి వెళ్ళి, దేవుడి పటం వెనకనించి లైసెన్సు తెచ్చి ఆయన మంచమ్మీద పెట్టింది.

"మావా, ఇన్నేళ్ళూ అడిగితే ముచ్చట అనుకున్నావు. ఇప్పుడు ముచ్చట కాదు. బాడుగ పోతే మనం ఏటి తింటాం? నవ్వితే నవ్వనీ. నాను తోలతాను."

నాకు స్ప్రింగు బిగుసుకుపోయింది. చివరికి నాయుడు, "నాను పక్కన కూకుంతాను. సెప్పింది సెప్పినట్టు సెయ్యాల," అన్నాడు. పూర్తిగా ఒప్పుకోవడం ఆయన జాతకంలో లేదు. నాకు మాత్రం అదే చాలు, ఎగిరి గంతెయ్యాలనిపించింది.

ఆదివారమంతా రత్నం జీపు ఖాళీ చేసింది. వెనక సీటు కింద నించి విరిగిన జాకీ, తుప్పు గొలుసులు, పాత పట్టీలు, ఎప్పటిదో ఇసక బస్తా, ఒక్కటొక్కటే బయటికి వచ్చాయి.

"అవన్నీ అవసరానికే," అని మంచమ్మీంచి నాయుడు గోల.

"ఏ అవసరానికి మావా? పెళ్ళి నాటినుంచీ ఊరికే మోస్తన్నాం." మెకానిక్కుని పిలిచి బ్రేకమ్మకి వైద్యం చేయించింది, నాలుగు టైర్లకీ గాలి కొట్టించింది. టైరులో గాలి తక్కువైతే బండి మట్టిలో నడిచినట్టే, అంత భారమూ నా నెత్తికే వస్తుంది. ఈ సంగతి పట్టించుకున్న మొదటి మనిషి ఆమె.

సోమవారం పొద్దున్న బంకు దగ్గర జాతరలా జనం. నవ్వేవాళ్ళు నవ్వారు కూడా. రత్నం చెప్పులు విడిచి, వంగి నన్ను తాకి కళ్ళకద్దుకుంది. ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ ఆ వేళ్ళు. ఆ చేతికి చేపల వాసన, అయినా నాకు అత్తరులాగే ఉంది. గంగులమ్మ వెనక డబ్బా పక్కనే తిష్ట వేసింది. నాయుడు కట్టుకాలు ముందుకు చాపి ఎడమ సీట్లో కూర్చున్నాడు.

"రేజు ఇయ్యే. ఇంజను వేడెక్కాల."

"నడస్తా వేడెక్కుద్దిలే," అని రత్నం బండి కదిలించింది.

కిందనున్న చదును రోడ్డు మీద తవిటయ్య వ్యాను హారను కొట్టుకుంటూ మమ్మల్ని దాటిపోయింది. నిజం చెప్పాలి, ఆ చదునులో ఆ బుడ్డి ఇంజను చుక్క చుక్క లెక్కగా తాగుతోంది, పెద్దాయన మెత్తగా నడిచినా గ్లాసుతో తాగే రకం. నాయుడికి ప్రాణం ఆగలేదు. "తొక్కే, తొక్కు," అంటూ కట్టుకాలితో కింద రేకుని టకటకా తన్నాడు. ఆయన కింద పెడలే లేదు, అయినా తొక్కుతున్నాడు. ఒక్క క్షణం రత్నం బొటనవేలు కూడా నా మీద బిగుసుకుంది. పోయేవాణ్ణి పట్టుకోవాలని ఎవరికుండదు? వేలు మళ్ళీ వదులైంది.

"పోనీ మావా. కొండ ఎక్కడికీ పోదు."

దూరంగా మేకలమంద రోడ్డు దాటుతోంది. నాయుడైతే మంద దాకా దూకించి బ్రేకమ్మ మీద నిలబడేవాడు. రత్నం అల్లంత దూరం నించే నా మీంచి కాలు తీసేసింది. బండి తన ఊపు మీద తను పోతూ పోతూ మంద దగ్గరికి చేరేసరికి చివరి మేక దాటిపోయింది. బ్రేకమ్మకి ఆ పూట పనే లేదు. ఆపి మళ్ళీ లేవదీసే డీజిలంతా డబ్బాలోనే ఉండిపోయింది. వెనక గంగులమ్మ డబ్బా చూసుకుని ఊఁ అంది.

ఘాటు మొదలైంది. ఇక్కడ పెద్దాయన జూలు విదిల్చాడు. మలుపుకి ముందే గేరు మార్చి, నన్ను సగం కూడా నొక్కకుండా ఆమె అడిగితే, ఆయన బస్తాల్నీ మనుషుల్నీ ఏదో కూనిరాగం తీస్తూ లాగేస్తున్నాడు. ఎక్కుడు మొదలైనా ఆమె కాలు బరువెక్కలేదు, దిగుడు వచ్చినా గేరు వదల్లేదు. నాయుడు తన్నడం ఎప్పుడు మానేశాడో నాకు తెలీలేదు. చూస్తే ఆయన రోడ్డు చూడటంలేదు. రత్నం కాలు చూస్తున్నాడు.

సగం కొండ దగ్గర వ్యాను ఆగి ఉంది. ముందు మూత తెరిచి ఉంది, ఆవిర్లు కక్కుతోంది, వెనక టైరుకి రాయి పెట్టి ఉంది. బస్తాలన్నీ నెత్తినేసుకుని, ఆ చిన్న ఇంజను మొదటి గేరులోనే అరుచుకుంటూ ఇంతదూరం వచ్చింది. మూరెడు పొయ్యి మీద పెళ్ళి గుండిగ ఎక్కిస్తే అన్నం ఉడుకుతుందా? కట్టెలన్నీ తగలబడతాయి, ఎసరు మాత్రం మరగదు. తవిటయ్య మొహం వాడిపోయిందని నాయుడు సంబరంగా చెప్పాడు. "హారను కొట్టే, దాటిపోదాం."

రత్నం రోడ్డు కాస్త వెడల్పుగా ఉన్న చోటు చూసి బండి ఓరగా ఆపింది. "అన్నా, నీళ్ళు కావాలేటి?"

నాయుడు తల పట్టుకున్నాడు. ఎక్కుడులో ఆగి మళ్ళీ లేవడమంటే ఎంత ఖర్చో నాకంటే ఎవరికి తెలుసు? మా నీళ్ళడబ్బా తవిటయ్యకి ఇచ్చి ఆమె మళ్ళీ ఎక్కింది. క్లచ్చి మీద ఎడంకాలు, నా మీద కుడికాలు, రెండూ మాట్లాడుకున్నట్టు కదిలాయి. జీపు వెనక్కి జానెడు కూడా జారలేదు. అలాంటి లేవడం నేను జోగయ్య దగ్గర కూడా చూడలేదు.

సంత చేరేసరికి మా డబ్బా అడుగున నాలుగువేళ్ళ ఎత్తు డీజిల్ ఉంది. వ్యాను చాలాసేపటికి వచ్చింది. డబ్బా ఎండిపోయి, దారిలో ఎవరినో అడిగి పోయించుకుని వచ్చిందట. తవిటయ్య మంచివాడు, దిగీ దిగగానే నీళ్ళడబ్బా నింపి తెచ్చి రత్నం చేతికిచ్చాడు.

గంగులమ్మ చుట్ట తీసి తీర్పు చెప్పింది. "కొండ సంతకి జీపు. కింద శుక్రవారం సంతకి తవిటయ్య బండి, సదును రోడ్డుకి అదే మేలు. ఇకనించి డీజిల్ కూడా బండోళ్ళదే. బాడుగలో కలిపి ఇచ్చేస్తాం. ఇంకో మాట. కొండకి తోలేది రత్నం."

డీజిల్ బండివాడిదైతేనే కాలు తేలికవుతుందని నా కడుపులో ఇన్నేళ్ళూ ఉన్న మాట ఆ ముసలమ్మ ఎలా పట్టిందో గానీ, ఆ క్షణాన ఆమె కాళ్ళు మొక్కాలనిపించింది.

"నా కాలు నయమైందాకా," అన్నాడు నాయుడు. గంగులమ్మ చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుంది. రత్నం మొహం వాడిపోయిందనుకుంటాను, ఆమె కాలు నా మీంచి మెల్లగా జారిపోయింది.

కట్టు విప్పే రోజు రానే వచ్చింది. ఆ తర్వాతి సోమవారం పొద్దున్నే నాయుడు తలకి నూనె రాసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి తన సీట్లో కూర్చున్నాడు. రత్నం చేపలబుట్ట పట్టుకుని కిందే నిలబడింది. ఆమె వెనక గంగులమ్మ, ఆమె వెనక సంత ఆడవాళ్ళందరూ, బుట్టలు నెత్తిన పెట్టుకుని. ఒక్కరూ బండెక్కలేదు. ఎవరూ తగువు పడలేదు కూడా, ఊరికే నిలబడ్డారు.

నాయుడు కాలు నా మీద పెట్టాడు. నేను ఆశ్చర్యపోయాను. ఆ కాలు బరువుగా లేదు. తేలిగ్గా పెట్టాలని తాపత్రయపడుతోంది, పెట్టలేక వణుకుతోంది. పెద్దాయన ఎక్కిళ్ళు పెట్టినట్టు రెండుసార్లు ఊగి ఆగిపోయాడు. నాయుడు ఇంకోసారి ప్రయత్నించాడు, మళ్ళీ అంతే. కాసేపు కాలివంకే చూసుకున్నాడు. నాకు ఆయన్ని చూస్తే మొదటిసారి జాలేసింది.

"రత్నా," అన్నాడు చివరికి, "ఈ కాలికి నీ కాలంత నేర్పు లేదే."

దిగి, బండి ముందునించి చుట్టూ తిరిగి వచ్చి, ఆమె చేతిలో చేపలబుట్ట అందుకుని, ఎడమ సీట్లో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. రత్నం చెప్పులు విడిచింది. వేళ్ళు నన్ను తాకాయి, తడిగా ఉన్నాయి. ఆ రోజు సంతలో ఎవరైనా నవ్వారో లేదో నాకు తెలీదు. మా బండిలో మాత్రం దారిపొడుగునా నవ్వులే.

ఆ తర్వాత చాలా ఏళ్ళు అలాగే గడిచాయి. నాయుడు పక్కన కూర్చుని దారిలో కనబడ్డ ప్రతి డ్రైవరుకీ పాఠాలు చెప్పేవాడు. "ఏటా తొక్కుడు? కాలు తేలిక సెయ్యి," అని కిటికీలోంచి కేకలు. వినేవాళ్ళు ఆ విద్య ఆయనదే అనుకునేవారు. రత్నం ముసిముసిగా నవ్వుకునేది, కాదనేది కాదు.

పెద్దాయన ముసలివాడై ఒక వానాకాలం శాశ్వతంగా పడుకున్నాడు. జీపుని పాతసామాన్లవాడు ముక్కలు చేసి తూకానికి తీసుకుపోయాడు. నేనూ ఆ కుప్పలో బ్రేకమ్మ పక్కన పడి ఉన్నాను. ఇంతేలే అనుకున్నాను. రత్నం వచ్చి, కుప్ప గెలికి, నన్ను ఒక్కదాన్ని ఏరుకుంది. "ఇది నాకియ్యి అన్నా," అంది. పాతసామాన్లవాడు నవ్వి ఇచ్చేశాడు. బ్రేకమ్మని వదిలి రావడం మాత్రం నాకు కష్టంగానే అనిపించింది.

రత్నం ఇప్పుడు కొత్త బండి తోలుతోంది. మోసే బరువు చూసుకుని, కొండకి సరిపోయే ఇంజను ఏరి కొనుక్కుంది. దానికి నాలాంటిదే ఉందట, ప్లాస్టిక్కుది. పోనీలెండి, దానికీ ఆ కాలి భాగ్యం దక్కింది.

నేను కొన్నాళ్ళు గోడమేకుకి వేలాడాను. తర్వాత రత్నం కూతురికి ఆడపిల్ల పుట్టింది. రత్నం నన్ను మేకునించి దించి, తుడిచి, ఒక చెక్కకి బిగించి, ఉయ్యాల తాడు నాకు కట్టించింది. కుర్చీలో కూర్చుని నన్ను నొక్కితే ఉయ్యాల ఊగుతుంది, వదిలితే వెనక్కి వస్తుంది. ఎండుచేపలు ఏరుకుంటూ ఊపుకోవచ్చు. డీజిల్ అక్కర్లేదు, పొగ లేదు. ఇంత సుఖమైన ఉద్యోగం నాకెప్పుడూ లేదు.

మొన్న సోమవారం రత్నం సంతకి బయల్దేరుతూ ఉయ్యాల నాయుడికి అప్పజెప్పింది. ఆయన కుర్చీలో కూర్చుని, చెప్పుకాలితో, పాత అలవాటు కొద్దీ ధన్‌మని నన్ను తొక్కాడు. ఉయ్యాల గోడదాకా పోయి వచ్చింది. పాప ఉలిక్కిపడి కెవ్వుమంది. గుమ్మం దగ్గర రత్నం తాళాలు పట్టుకుని ఆగింది. ఆయన కాలివంక ఒక్కసారి చూసి వెళ్ళిపోయింది.

నాయుడు చెప్పు విడిచాడు. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, వంగి నన్ను వేళ్ళతో తాకి కళ్ళకద్దుకున్నాడు. అప్పుడు అరికాలు నా మీద పెట్టాడు. ఇన్నేళ్ళలో ఆ కాలు అంత తేలిగ్గా నాకెప్పుడూ తగల్లేదు, డీజిల్ తనదైన రోజున కూడా. ఉయ్యాల మెల్లగా కదిలింది. పాప వెక్కిళ్ళు ఆపి, పైకి చూసి, కళ్ళు మూసింది. నాయుడు మాత్రం రత్నం బండి చప్పుడు మళ్ళీ వీధిలో వినబడేదాకా కాలు తియ్యలేదు.